దుబాసీ

క్రాడక్ ఊరి కోర్టు, ఉదయం పదిన్నర.
వేగం మీరినందుకు జరిమానా కట్టడానికొచ్చి
తప్పు గదిలో కూర్చున్నాను,
చివరి బెంచీ, తిరగని ఫ్యాను కింద.

బోనులో పంతొమ్మిదేళ్ల ల్వాండిలే.
గొర్రెల ఉన్ని కత్తిరించే కొట్టం తగలబడిన రాత్రి
వాడక్కడే ఉన్నాడు. అందులో తగువు లేదు.
ఏం చేస్తున్నావని అడిగితే
ఖోసాలో రెండు ముక్కలన్నాడు,
చివర్న దోమ వాలినంత చిన్న మాట:
న్జే.

దుబాసీ నోమాఖ్వేజి గుక్క తిప్పుకుంది.
ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల పక్కనే నిలబడి
ఇటు మాట అటు, అటు మాట ఇటు
ఒలక్కుండా మోసిన మనిషి.
"జస్ట్ నిల్చున్నాను, అంటున్నాడు."

ప్రాసిక్యూటర్ లౌబ్సర్ లేచాడు.
జస్ట్ అంటే?
అప్పుడే వచ్చి నిల్చున్నావా?
సరిగ్గా అక్కడే, మంట లేచిన చోటే నిల్చున్నావా?
నిల్చోవడం ఒక్కటేనా, చేతులేమీ చెయ్యలేదా?
ఒక్క మాటని మూడు మేకులకి తగిలించి
కుర్రాడు ఏ మేకుకి వేలాడతాడో చూద్దామన్నట్టు.

నా నాలుక మీద ఒక మాట అప్పటికే తడిసింది:
ఊరికే.
ఊరికే వచ్చాను, ఊరికే అడిగాను,
ఊరికే ఏడుపొచ్చింది.
కారణం లేదని కాదు,
ఉన్నా అది నీతో చెప్పేటంతది కాదని.
లేచి చెప్పాలనిపించింది. నన్నెవరడిగారు?
జరిమానా కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచాను.

నోమాఖ్వేజి మేజిస్ట్రేటు వైపు తిరిగింది.
"అమ్మా, వాడన్నది పనేమీ లేకుండా నిల్చోవడం.
దాన్ని ఇంగ్లీషులో పోయడానికి
నా దగ్గరున్న గిన్నె ఇదొక్కటే.
దీని అడుగున చిల్లులున్నాయి."
గుమాస్తా రాసుకున్నాడు.
గిన్నె సంగతి రాసుకున్నాడో లేదో.

"జస్ట్ నౌ వస్తాను" అని మేజిస్ట్రేటు లోపలికెళ్లింది.
ఇట్టే తిరిగొస్తుందని నేను కదల్లేదు.
చూస్తే గదిలో నేనూ, ఫ్యానూ.

ఈ దేశంలో జస్ట్ నౌ అంటే ఇప్పుడు కాదట.
కాసేపటికట, మధ్యాహ్నానికట,
ఒక్కోసారి దేవుడికే ఎరుకట.
నిజంగా త్వరగా రావాలంటే నౌ నౌ అనాలట.
గేటు దగ్గర మాంసం పైలు అమ్మే పెద్దాయన చెప్పాడు.
కుళాయి బాగుచేసేవాడు జస్ట్ నౌ అని
పదకొండు రోజులైందని
కారుతున్న చోట పెట్టిన బకెట్ చూపించాడు.
అప్పటికి మూడొంతులు నిండింది.

బళ్లో మా నిఘంటువులో
జస్ట్ అన్న మాటకి మొదటి అర్థం న్యాయమైన అని ఉండేది.
దాన్ని దాటేసి కిందికి వెళ్లేవాళ్లం,
రోజూ పనికొచ్చే చిన్న అర్థాల కోసం.

మూడింటికి కోర్టు మళ్లీ కూర్చుంది, వెంటనే లేచింది.
పద్నాలుగో తారీఖుకి వాయిదా.
ల్వాండిలేని పక్క తలుపులోంచి తీసుకెళ్లారు,
పోతూ పోతూ వాడు చొక్కా గుండీ ఒకటి పెట్టుకున్నాడు.
వరండాలో వాళ్ల నాయనమ్మ,
ఒక చెప్పు కాలికీ ఒకటి చేతిలో,
దుబాసీని ఆపి ఏదో అడిగింది.
నోమాఖ్వేజి ఖోసాలో మొదలుపెట్టింది,
మధ్యలో ఆగింది,
ఇంగ్లీషులోకి జారింది:
"జస్ట్ నౌ, మామా."
పొద్దుట్నించీ అందరి మాటలకీ పూచీపడ్డ మనిషి
ఈ ఒక్కదానికీ అర్థం చెప్పకుండా
చేతిసంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

నేను ఐదువందల రాండ్లు కట్టాను.
"జస్ట్ ఐదువందలే" అంది కౌంటర్లో అమ్మాయి,
ఓదార్పో, లెక్కో.

బండి తీస్తూ అద్దంలో చూశాను.
ముసలామె ఇంకా మెట్టు మీదే ఉంది.
చెప్పు తెగింది కదా,
అందుకే కూర్చుందనుకోవచ్చు.